ఎండ్యూరెన్స్ గుర్రానికి ఏ గతిలో ఖర్చు తక్కువ: ట్రాటా, కాంటరా, రవాలా?

భీమిలి_రౌతు

అందరికీ నమస్కారం. గుర్రం మార్వాడీ క్రాస్, 9 ఏళ్లు, ఎత్తు 14.3 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు), టేపు లెక్కన 380 కిలోలు. నేను, జీను, నీళ్ల సీసాలు అన్నీ కలిపి 84 కిలోలు. డిసెంబరులో రాజస్థాన్‌లో 40 కి.మీ. ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ) పోటీ ఉంది, 20 కి.మీ. చొప్పున రెండు లూపులు. సాధన అంతా రుషికొండ నుంచి భీమిలి వైపు. సగం తడి ఇసుక మీద, సగం బీచ్ రోడ్డు పక్క మట్టి అంచు మీద.

మొదటి నుంచి చివరిదాకా ట్రాటే (ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడే జోరు నడక) చేయించు, ఇంకేదీ వద్దు అని ఒకరంటారు. కాంటర్ (నిదానపు పరుగు) కొట్టించి మధ్యమధ్యలో నడిపించడమే మేలని ఇంకొకరంటారు. దీనికి రవాల్ అనే మెత్తటి గతి కూడా వచ్చు. దాని మీద కూర్చుంటే కుదుపన్నదే తెలియదు. ఈ మూడింటిలో కిలోమీటరుకు గుర్రానికి తక్కువ శక్తి ఖర్చయ్యేది ఏది?

ఇంకో సంగతి. ఇప్పుడు గంటకు 12 కి.మీ. వేగంతో 20 కి.మీ. చేసి ఆపితే, 15 నిమిషాల తర్వాత కూడా పల్స్ 68–72 దగ్గరే నిలబడిపోతోంది. పోటీలో పరీక్ష దాటాలంటే దిగాల్సిన 64కి దిగట్లేదు. గతి మారిస్తే దిగుతుందా?

గిట్టల_చప్పుడు

ఏ గతి అని అడిగే ముందు, ఆ గతిలో ఏ వేగం అని అడగాలండీ. అసలు కిటుకు అక్కడే ఉంది.

1981లో హోయ్ట్, టేలర్ అనే శాస్త్రవేత్తలు చిన్న గుర్రాలను ట్రెడ్‌మిల్ మీద వేర్వేరు వేగాల్లో నడిపించి, ట్రాట్ చేయించి, పరిగెత్తించి, మీటరు దూరానికి ఎంత ఆక్సిజన్ పడుతోందో కొలిచారు. ప్రతి గతికీ గీత గిన్నెలా వచ్చింది. మరీ నెమ్మదిగా వెళ్లినా ఖర్చు ఎక్కువే, ఆ గతికి మించి తోలినా ఎక్కువే, మధ్యలో ఒకచోట అడుగు. చిత్రం ఏమిటంటే నడక, ట్రాట్, గాలప్ మూడు గిన్నెల అడుగులూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. అంటే తనకు తగిన వేగంలో నడిచినా, తనకు తగిన వేగంలో ట్రాట్ చేసినా కిలోమీటరుకు అయ్యే ఖర్చు ఇంచుమించు ఒకటే. స్వేచ్ఛగా వదిలేస్తే గుర్రాలు ఆ అడుగుల దగ్గరి వేగాలనే ఎంచుకున్నాయి, మధ్య వేగాల జోలికి పోలేదు. ఆ మధ్య వేగాల్లో గుర్రాన్ని పట్టి ఉంచేది మనమే: నడవాల్సిన గుర్రాన్ని గంటకు 8 కి.మీ. ట్రాట్‌లో ఈడుస్తాం, కాంటర్‌లోకి వెళ్లబోయేదాన్ని 17 దగ్గర ట్రాట్‌లోనే బిగించి ఉంచుతాం. నష్టం ఈ రెండు చోట్లే.

మరి ఖర్చు ఒకటే అయినప్పుడు ఏదైనా పరవాలేదా అంటే, కాదు. కిలోమీటరుకు ఖర్చు ఒకటే అయినా నిమిషానికి ఒకటి కాదు. వేగం పెరిగిన కొద్దీ అదే ఖర్చు తక్కువ సమయంలో పడుతుంది. గుర్రం కండరం వాడే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగానే పోతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాలి, విశాఖ తేమ గాలిలో చెమట సరిగ్గా ఆరదు. మీ పల్స్ 68 దగ్గర ఆగిపోవడానికి గతి కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం. ఆపగానే ఒకసారి మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడండి. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. ఆపాక 40 దాటి ఉంటే పల్స్ దిగకపోవడానికి కారణం ఒంట్లో వేడే. దానికి ఎంత గతి మార్చినా లాభం లేదు, చల్లని నీళ్లు పొయ్యాలి.

ఇక మీ గుర్రం గిన్నె అడుగు ఎక్కడుందో మీరే కొలుచుకోవచ్చు. గుండె వేగం చూపే మానిటర్, జీపీఎస్ వాచీ ఉంటే చాలు.

ముందు విశ్రాంతి పల్స్ తీసుకోండి. తెల్లారి మేత వేయకముందు, కొట్టంలోనే, మూడు రోజులు తీసి సగటు కట్టాలి. తర్వాత చదునుగా, గట్టిగా ఉన్న ఒక కిలోమీటరు ముక్కను గుర్తు పెట్టుకోండి. 20 నిమిషాలు వేడెక్కించాక ఒక్కో వేగంలో నాలుగు నిమిషాలు ఒకే తీరున నడపండి. మొదటి రెండు నిమిషాల అంకెలు వదిలేసి, చివరి రెండు నిమిషాల సగటు రాసుకోండి. తీరంలో గాలి ఒకవైపు నుంచే కొడుతుంది కాబట్టి అదే వేగాన్ని తిరుగు దారిలోనూ కొలిచి రెండింటి సగటు తీయాలి. వేగానికీ వేగానికీ మధ్య పల్స్ 70 కిందికి దిగేదాకా నడక. ట్రాట్ ఒక రోజు, కాంటర్ ఇంకో రోజు. మధ్యలో రెండు రోజులైనా ఎడం ఇవ్వండి, లేకపోతే అలసటను కొలిచి గతిని కొలిచామనుకుంటాం.

లెక్క: (ఆ వేగంలో పల్స్ − విశ్రాంతి పల్స్) × కిలోమీటరుకు పట్టే నిమిషాలు. విశ్రాంతి పల్స్ 36 అనుకుని ఒక ఊహా ఉదాహరణ చూపిస్తాను. అంకెలు లెక్క తీరు చూపడానికే, మీ గుర్రానివి వేరుగా వస్తాయి.

నడక 6 కి.మీ., పల్స్ 71: 35 × 10 = 350
ట్రాట్ 10 కి.మీ., పల్స్ 102: 66 × 6 = 396
ట్రాట్ 12 కి.మీ., పల్స్ 110: 74 × 5 = 370
ట్రాట్ 14 కి.మీ., పల్స్ 118: 82 × 4.29 = 351
ట్రాట్ 16 కి.మీ., పల్స్ 138: 102 × 3.75 = 382
కాంటర్ 14 కి.మీ., పల్స్ 130: 94 × 4.29 = 403
కాంటర్ 16 కి.మీ., పల్స్ 132: 96 × 3.75 = 360
కాంటర్ 18 కి.మీ., పల్స్ 142: 106 × 3.33 = 353

ఇలాంటి గుర్రానికి ట్రాట్ అడుగు 14 దగ్గర, కాంటర్ అడుగు 18 దగ్గర. 14లో కాంటర్ చేయించడం దండగ, 16లో ట్రాట్‌ను బిగబట్టడమూ దండగే. కానీ మధ్య అంకెను చూడండి, అది నిమిషానికి పడే భారం: నడకకు 35, ట్రాట్‌కు 82, కాంటర్‌కు 106. కిలోమీటరు లెక్కలో 351కీ 353కీ తేడా లేదు, వేడి లెక్కలో 82కీ 106కీ చాలా తేడా ఉంది. చెమట ఆరే చోట రెండోదాన్ని భరించవచ్చు, ఆరని చోట మొదటిదే దిక్కు.

విశ్రాంతి పల్స్ తీసెయ్యకుండా లెక్క కడితే లెక్క వేగం వైపే మొగ్గుతుంది. ఊరకే నిలబడ్డా కొట్టుకునే ఆ 36 కూడా దారి ఖర్చులో కలిసిపోతుంది కదా, అందుకు.

తీరం_బాట

పైన చెప్పిన లెక్కంతా గట్టి నేల మీద లెక్కండి. ఇసుక మీద కొలిస్తే మీరు కొలిచేది ఇసుకనే.

పొడి ఇసుకలో గిట్ట దిగబడుతుంది, తోసిన బలంలో కొంత ఇసుకను వెనక్కి నెట్టడానికే పోతుంది. అదే వేగానికి పల్స్ గట్టిగా పెరుగుతుంది. అది కూడా చిన్న విషయమే, ముందుకాళ్ల వెనక టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీల) మీద పడే లాగుడు అసలు ప్రమాదం. పొడి ఇసుకలో నడక తప్ప ఏ గతీ వద్దు. ట్రాట్‌కు పనికొచ్చేది నీళ్లు వెనక్కి తీసిన తర్వాత గట్టిగా మిగిలే తడి పట్టీ మాత్రమే. అడుగేస్తే ముద్ర అర అంగుళం లోతు పడాలి. ముద్రలో నీరు ఊరితే ఇంకా మెత్తగా ఉందని, ముద్రే పడకపోతే తారు రోడ్డులా గట్టిపడిందని అర్థం. అందుకే సాధన వేళను గడియారం చూసి కాకుండా ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టుకోండి. ఆటుకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా మంచి పట్టీ దొరుకుతుంది.

ఆ పట్టీ సముద్రం వైపు వాలి ఉంటుంది. భీమిలి వైపు వెళ్లేటప్పుడు కుడికాళ్లు పల్లంలో, తిరిగొచ్చేటప్పుడు ఎడమకాళ్లు పల్లంలో. వెళ్లేది ఇసుక మీద, వచ్చేది రోడ్డు పక్కన చేస్తే ప్రతిసారీ ఒకే వైపు కీళ్ల మీద భారం పడుతుంది. కనీసం రోజు విడిచి రోజు దిశ మార్చండి.

మంగమారిపేట దగ్గర రాళ్లు తేలతాయి, అక్కడ నడకే. అదే ఊళ్లో, ఇంకా ముందు జాలరిపేటల్లోనూ పొద్దున్నే అలివి వలలు లాగుతారు. ఇసుక మీద అడ్డంగా తాళ్లు ఉంటాయి, బిగిసినప్పుడు మోకాలి ఎత్తుకు లేస్తాయి. దూరం నుంచి కనబడవు. పడవలు ఒడ్డున ఉన్న చోటల్లా నడకలోకి దిగి, వల వెనక నుంచి, అంటే ఊరి వైపు నుంచి చుట్టి వెళ్లడం మర్యాద కూడా. భీమిలిలో గోస్తని మొగ దగ్గర ఇసుక పైకి గట్టిగా కనబడి లోపల మెత్తగా ఉంటుంది, అక్కడిదాకా వెళ్లొద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, పొడి ఇసుక మెరక మీదికి గుర్రాన్ని ఎక్కించకండి. ఎర్రమట్టి దిబ్బల్లోకి గుర్రంతో వెళ్లడం ఊసే వద్దు. అవి అడుగేస్తే విరిగిపోయే గట్లు, పైగా కాపాడాల్సిన భౌగోళిక వారసత్వం.

తారు మీద ట్రాట్ మొత్తం దూరంలో పదో వంతు మించనివ్వకండి. అరిగిన లాడంతో నున్నటి తారు మీద ట్రాట్ చేస్తే జారడం ఖాయం, మలుపుల్లో మరీను.

మూడు_తాళాలు

ట్రాట్‌ను దేవుణ్ణి చేసేస్తున్నారు. కాంటర్ తరఫున కూడా నాలుగు ముక్కలు వినండి.

ఒకే గతిలో గంటసేపు వెళ్తే అవే కండరాలు అదే తీరున పని చేస్తుంటాయి. ప్రతి 15–20 నిమిషాలకు ఒక నిమిషమో రెండు నిమిషాలో కాంటర్ ఇస్తే వీపు, తుంటి కదలిక మారి గుర్రం తెరిపిన పడుతుంది. రౌతు మోకాళ్లకూ అదే తెరిపి. రెండోది, గుర్రం తనంతట తాను 15 దగ్గర కాంటర్‌లోకి మారబోతుంటే బలవంతంగా ఆపడం తప్పు. 1991లో ఫార్లీ, టేలర్ అనే శాస్త్రవేత్తలు గుర్రాల మీద బరువు పెట్టి చూస్తే అవి ఇంకా తక్కువ వేగంలోనే ట్రాట్ వదిలి గాలప్‌లోకి మారాయి. శక్తి లెక్క ప్రకారం మారాల్సిన చోటుకంటే ముందే మారాయి. ఎందుకంటే అవి చూసుకున్నది ఆక్సిజన్‌ను కాదు, కాళ్ల మీద పడే దెబ్బను. గతి మారగానే ఆ దెబ్బ తగ్గింది. కాబట్టి 84 కిలోలు మోసే గుర్రం ఖాళీ గుర్రం కన్నా ముందే కాంటర్ కోరుకుంటుంది, అది మొండితనం కాదు. మీకు రెండు దారులు: వేగం తగ్గించి ట్రాట్‌లో ఉంచడం, లేదా కాంటర్ ఇవ్వడం. అదే వేగంలో కళ్లెం బిగించి ట్రాట్‌లో ఉంచడం మాత్రం దారి కాదు.

కాంటర్‌లో తప్పు జరిగే చోటు లీడ్, అంటే ఏ వైపు కాళ్లు ముందుకు ఎక్కువ చాచి వెళ్తోందన్నది. చాలా గుర్రాలకు ఒక లీడే ఇష్టం, రౌతు గమనించకపోతే మొత్తం దూరం అదే లీడ్ మీద వెళ్లిపోతుంది. భుజం మీదుగా తల వంచి చూడక్కర్లేదు, ఏ భుజం ముందుకు ఎక్కువ చాస్తోందో కంటి చివరి నుంచే తెలుస్తుంది. ప్రతిసారీ ట్రాట్‌లోకి దింపి, మార్చి ఎత్తండి. ముందుకాళ్లు ఒక లీడ్, వెనకకాళ్లు ఇంకో లీడ్ పడితే జీను కింద బండి గతుకుల్లో పడ్డట్టు ఉంటుంది, వెంటనే దింపెయ్యాలి. అలిసిన గుర్రం ఇష్టమైన లీడ్‌ను తనే వదిలేస్తుంటే ఆ కాలిని అనుమానించండి.

కాంటర్‌లో ఊపిరి అడుగుతో ముడిపడి ఉంటుంది. ఒక అంగకు ఒక ఊపిరి. ట్రాట్‌లో ఆ కట్టుబాటు లేదు, ఊపిరి తన అవసరం కొద్దీ సాగుతుంది. ఇది ట్రాట్ వైపు వాదన అని నాకు తెలుసు, ఒప్పుకుంటున్నాను.

జీను_సంచి

రవాల్ గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెప్తున్నాను.

మన పాత నిఘంటువులు గుర్రానికి ఐదు ధారలు, అంటే గతులు, చెప్పాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. వీటిలో ఏది ఇప్పటి ట్రాట్ అన్న దాని మీద పండితులు కొట్టుకోనీ, మనం చెవితో పని చేద్దాం. ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి, రెండు చప్పుళ్లు. రవాల్‌లో ఒకే వైపు కాళ్లు ఒకదాని వెంట ఒకటి పడతాయి, నాలుగు చప్పుళ్లు. ఒకే వైపు రెండు కాళ్లూ ఒకేసారి పడి రెండే చప్పుళ్లు వినిపిస్తే అది రవాల్ కాదు, పేస్. అనుమానంగా ఉంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించుకోండి, పక్క నుంచి, కాళ్ల ఎత్తులో.

నాలుగు చప్పుళ్ల రవాల్ రౌతుకు సుఖం. అందుకని గుర్రానికీ సుఖమే అనుకోకూడదు. అది పుట్టుకతో వచ్చిందా, కళ్లెం పైకి లాగి తల ఎత్తించి నేర్పిందా అన్నదే తేడా. పుట్టుకతో వచ్చినదైతే వీపు వదులుగా ఉంటుంది, పగ్గాలు వదిలినా చప్పుడు మారదు. నేర్పినదైతే తల పైకి, వీపు గుంటగా ఉంటుంది, 20 కి.మీ. తర్వాత జీను వెనక భాగంలో వేళ్లతో నొక్కితే నడుము కిందికి దించేస్తుంది. పగ్గాలు వదిలి చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. 2012లో డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు ఇలాంటి పక్క గతులకు కారణమని కనిపెట్టారు. ఆ మార్పు ఉన్న గుర్రాలకు ట్రాట్ నుంచి కాంటర్‌లోకి మారడం కష్టమవుతుంది. మీది తేలిగ్గా కాంటర్ ఎత్తేదైతే దాని రవాల్ ఎంతవరకు పుట్టుక, ఎంతవరకు నేర్పు అని పరీక్షించుకోవడం మంచిది.

శక్తి లెక్కకు పైవారి పట్టికలో రవాల్‌కు ఒక వరుస కలపండి: 10, 12, 14 వేగాల్లో. ట్రాట్ కన్నా తక్కువ వస్తే వాడుకోండి. చదును నేల మీద 12 లోపు రవాల్ చాలా గుర్రాలకు సరిపోతుంది. గులకరాళ్లు, ఎత్తుపల్లాల మీద మూలల జంట ఉన్న ట్రాటే నిలకడ.

అసలు చిక్కు వెట్ గేటు (లూపు అయ్యాక పశువైద్యులు గుర్రాన్ని పరీక్షించే చోటు) దగ్గర. అక్కడ గుర్రాన్ని చేత్తో పట్టుకుని తిన్నగా ట్రాట్ చేయించి చూపాలి, కుంటు చూసేది అందులోనే. ట్రాట్ బదులు రవాల్ పడితే తల ఊపు లెక్క చెదిరిపోతుంది, డాక్టరుకు ఏమీ తేలదు, మళ్లీ మళ్లీ చేయమంటారు, ఈలోపు పల్స్ ఎక్కుతుంది. ఒక పల్స్ తీసి, 40 మీటర్లు పోయి రావడం చేయించి, బయలుదేరిన నిమిషానికి మళ్లీ పల్స్ తీసే పద్ధతి ఒకటుంది. రెండో అంకె మొదటిదాన్ని మించితే ఇంకా తేరుకోలేదని. ఆ పోయి రావడం శుభ్రమైన ట్రాట్‌లో ఉండాలి. రోజూ సాధన అయ్యాక, అలిసి ఉన్నప్పుడే, పగ్గం వదులుగా పట్టి నాలుగుసార్లు చేయించండి. అలిసినప్పుడే రవాల్‌లోకి జారిపోతుంది కాబట్టి అప్పుడే నేర్పాలి.

భీమిలి_రౌతు

అందరికీ ధన్యవాదాలండీ. మూడు చిన్న ప్రశ్నలు.

మానిటర్ ఒక్కోసారి బయలుదేరగానే 210 చూపిస్తోంది, నడకలోనే. అది నిజమా? ట్రాట్‌లో 12కీ 14కీ లెక్క కడితే నాలుగైదు తేడా తప్ప ఒకటే వస్తోంది, అప్పుడు దేన్ని పట్టుకోవాలి? ఇంకోటి, ఇక్కడి అంకెలు రాజస్థాన్ చలిలో పనికొస్తాయా?

గిట్టల_చప్పుడు

210 అబద్ధం. ఎలక్ట్రోడ్లు పొడిగా ఉన్నప్పుడు అలాగే చూపిస్తాయి. ఒకటి జీను కింద ఎడమవైపు మూపు వెనక, రెండోది కడుపు పట్టీ కింద ఎడమ మోచేతి దగ్గర ఉండాలి. రెండు చోట్లా వెంట్రుకలను ఉప్పునీటితో బాగా తడపండి. చెమట పట్టాక తనే సర్దుకుంటుంది, అందుకే మొదటి పది నిమిషాలు నమ్మకూడదు. ఎప్పుడైనా స్టెతస్కోపుతో సరిచూసుకోవాలంటే, ఆపిన వెంటనే ఎడమ మోచేతి వెనక 15 సెకన్లు విని 4తో గుణించండి. అర నిమిషం ఆలస్యమైతే పల్స్ అప్పటికే పడిపోతుంది. కుక్క అరిచినా, ఇంకో గుర్రం దాటినా 20–30 ఎక్కుతుంది, ఆ ముక్క కొట్టెయ్యండి.

లెక్క ఒకటే వస్తే తక్కువ వేగాన్నే పట్టుకోండి. కిలోమీటరు ఖర్చులో నాలుగైదు తేడా అంటే కొలతలో పొరపాటు కిందే లెక్క. నిమిషానికి వేడి తక్కువ, కాళ్ల మీద దెబ్బ తక్కువ. అయితే 12 దగ్గర గుర్రం లయ తప్పుతూ, నడకలోకి జారుతూ, తలెత్తుతూ ఉంటే ఆ వేగం దానిది కాదు, 13 పెట్టండి. లయ తెలియాలంటే రైజింగ్ ట్రాట్‌లో (అడుగు లయకు తగ్గట్టు జీను మీద లేస్తూ కూర్చుంటూ వెళ్లడం) మీరు లేచే లెక్క నిమిషానికి ఎంతో చూసుకోండి. 14 కి.మీ. వేగంలో 86 సార్లు లేస్తే అంగ సుమారు 2.7 మీటర్లు. లూపు చివర్లో అదే వేగానికి ఆ లెక్క మారిపోతే, పెరిగినా తగ్గినా, ఏదో మారిందని అర్థం: నేల, లాడం, అలసట, లేదా కాలు.

రౌతు కొద్దీ గుర్రం అని ఊరికే అనలేదు. రైజింగ్‌లో ప్రతి కిలోమీటరుకు డయాగనల్ (మీరు ఏ మూల జంటతో లేచి కూర్చుంటున్నారో అది) మార్చండి, ఒక లయ అదనంగా కూర్చుని లేస్తే మారిపోతుంది. బీచ్ రోడ్డు కిలోమీటరు రాళ్లే గుర్తు. మార్చకపోతే ఒకే మూల జంట 20 కి.మీ. మీ బరువు మోస్తుంది, వెట్ గేటులో వీపు ఒక పక్క పట్టేసినట్టు తేలుతుంది. బరువు మాట వచ్చింది కాబట్టి: 380కి 84 అంటే 22 శాతం. 20 శాతం, అంటే 76 కిలోల లోపు ఉంటే మంచిదని సాధారణంగా చెప్పుకునే హద్దు. మీరు సన్నబడటం ఒక దారి, తేలికపాటి ఎండ్యూరెన్స్ జీను ఇంకో దారి. నీళ్ల సీసాలు మీ క్రూ (దారిలో సాయం చేసే జట్టు) దగ్గర ఉంచండి. ఏ గతి మార్చినా రాని లాభం ఈ ఎనిమిది కిలోల్లో ఉంది.

రాజస్థాన్ సంగతి. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు తేమ శాతం కలిపి చూడటం పాత పద్ధతి. మొత్తం 130 లోపైతే గుర్రం తనను తాను చల్లబరుచుకుంటుంది, 150 దాటితే చెమటతో చల్లబడటం తగ్గిపోతుంది, 180 దగ్గర పని చేయించకూడదు. విశాఖలో తెల్లవారుజామున 29 డిగ్రీలు, తేమ 80 అనుకుంటే 84 + 80 = 164. అక్కడ 20 డిగ్రీలు, తేమ 45 అనుకుంటే 68 + 45 = 113. అంటే అదే 13 కి.మీ. ట్రాట్‌కు అక్కడ పల్స్ తక్కువ చూపించవచ్చు, 64కి త్వరగా దిగవచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. పల్స్ తక్కువుంది కదా అని 17 పట్టుకుంటారు. గుండె, కండరం రెండు మూడు నెలల్లో సిద్ధమవుతాయి, టెండన్లు, ఎముకలు ఆ వేగానికి రావడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాళ్లు 13కి అలవాటుపడ్డవే, చలి వాటిని మార్చదు. రాజస్థాన్‌లోనూ మీ గట్టి నేల వేగమే మీ వేగం.

ఇక్కడి సాధనలో చల్లబరచడానికి: ఆపగానే నీళ్లు మెడ మీద, భుజాల మధ్య, కాళ్ల లోపలి వైపు ఆపకుండా పొయ్యండి. తుడిచి ఆగి మళ్లీ పొయ్యడం కన్నా ఆపకుండా పొయ్యడమే త్వరగా చల్లబరుస్తుంది. వేడి కండరం మీద చల్లనీళ్లు పోస్తే పట్టేస్తుందన్న భయం ఉంది కానీ, 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం చేసిన పరిశోధనల్లో ఆ భయం నిలబడలేదు. ఊపిరి పల్స్‌ను మించిపోతుంటే లోపల వేడి ఇంకా దిగలేదని, థర్మామీటరు తియ్యండి. డొక్కలు గుండె లయతో పాటు ఎగురుతుంటే అది లవణాలు పడిపోయిన గుర్తు, వెంటనే ఆపి డాక్టర్ని పిలవండి. ఎలక్ట్రోలైట్ (లవణాల) ముద్ద నీళ్లు తాగే గుర్రానికే ఇవ్వాలి, తాగనిదానికి ఇస్తే ఒంట్లో ఉన్న నీరూ కడుపులోకి లాగేస్తుంది.

మూడు_తాళాలు

తొలి పోటీకి 13 ట్రాటే సరి, వెనక్కి తగ్గాను. నిర్వాహకులు కొత్త గుర్రాలకు గరిష్ఠ వేగం కూడా పెడతారు, ఆ ఏడాది నోటీసు చూసుకోండి. కాంటర్ మాత్రం వారానికి రెండుసార్లు సాధనలో ఉంచండి, రెండు లీడ్లలోనూ, ఒక్కోటి రెండు నిమిషాలు. గట్టి తడి పట్టీ మీద మాత్రమే.

గిట్టల_చప్పుడు

ఇంకో మాట, అందరూ వదిలేసేది. నడక.

20 కి.మీ. లూపులో 16 కి.మీ. ట్రాట్, 4 కి.మీ. నడక అనుకోండి. ట్రాట్ 13లో 74 నిమిషాలు, నడక 6లో 40 నిమిషాలు, మొత్తం 114. నడకను 6 నుంచి 7కి పెంచితే 34 నిమిషాలే, మొత్తం 108. ఆ ఆరు నిమిషాలను ట్రాట్ పెంచి తేవాలంటే 13 నుంచి 14 దాటాలి. నడక వేగం గంటకు ఒక కిలోమీటరు పెంచడానికి గుర్రానికి పెద్దగా ఖర్చు లేదు, రోజూ పొడవాటి పగ్గంతో, మెడ చాచనిచ్చి, చురుగ్గా నడిపిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. మామూలుగా మనం చేసేదేమిటంటే నడక అంటే ఫోన్ తీసే సమయం అనుకుంటాం, గుర్రం కూడా ఈడ్చుకుంటూ నడవడం నేర్చుకుంటుంది.

మీ లూపుకు ఇలా వెయ్యండి: మొదటి కిలోమీటరున్నర నడక, ఎంతమంది దాటిపోయినా. తర్వాత 13 ట్రాట్, ఆరేడు కి.మీ.కు ఒకసారి అర కి.మీ. నడక, అప్పుడే నీళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు పల్స్ 160 దాటితే నడక. దిగేటప్పుడు ముందుకాళ్ల మీద భారం కాబట్టి నిటారు దిగుడులో మీరే కిందికి దిగి నడవండి, 84 కిలోలూ దిగిపోతాయి. చివరి కిలోమీటరున్నర మళ్లీ నడక. ఆఖరి 300 మీటర్లు దిగి, కడుపు పట్టీ ఒక రంధ్రం వదులు చేసి, పగ్గం పట్టుకుని గేటులోకి రండి. గేటు కనబడగానే గుర్రం ట్రాట్ అందుకోవాలని చూస్తుంది, అందనివ్వకండి.